పంటచేలలో కనబడిన పాతయూరు

మన పల్లెలలో పాటిమన్ను సంగతి యెరుగని కాపు అరుదు. ఏ కాలముననో జనులు కాపురముండి, తరువాత పాడుపడిపోయిన ఊళ్ళ దిబ్బలను మనవారు పాటిదిబ్బలందురు. వేసవిలో బండ్లు కట్టుకొనిపోయి, ఆ దిబ్బల మన్ను త్రవ్వి తెచ్చి పొలములకు తోలుకొనుట మన తాతముత్తాతలనాటి వ్యవసాయపద్ధతి. బూడిద, పేడ, ఎముకలు, కుళ్ళిన గడ్డి వందల యేండ్లు కలిసి మాగిన మన్ను గనుక అది పైరునకు మంచి బలము. మనుష్యులు విడిచిపోయిన చోట పైరు ఏపుగా పెరుగునని యిట్లు మనవారికి చిరకాలమునుండి తెలియును. అయితే పైరు పెరుగుటలోని హెచ్చుతగ్గులను బట్టి, నేలక్రింద మునిగియున్న ఊరికి పటము గీయవచ్చునని మాత్రము 20వ శతాబ్దము వచ్చువఱకు పండితులు సరిగా గ్రహింపలేదు.

విద్యార్థులారా! ఆ పటము గీయు విధమెట్టిదో, అట్లు బయల్పడిన యొక ప్రాచీననివాసము నెట్లు త్రవ్విచూచిరో, అందువలన పండితుల పెద్దపొరబాటొకటి యెట్లు దిద్దబడెనో యీ వ్యాసమున చెప్పదలచితిని. ఆ నివాసము ఇంగ్లండు దేశమున విల్టుషైరు సీమలో, సాల్సుబరీ పట్టణమునకు దక్షిణమున కొలదిదూరములో నుండెను. దాని పేరు లిటిల్ వుడ్బరీ. పండితులు పార పట్టుకొని పోవునప్పటికి అక్కడ పొలము తప్ప మఱేమియు లేదు. గోడ లేదు, గుట్ట లేదు, రాయి లేదు. బాటసారి యెవ్వడును అక్కడ నిలిచి చూచియుండడు.

మొదట పైరు సంగతి తెలిసికొందము. ఒక మెట్టపొలము నూహింపుడు. పైన జానెడు మట్టి. దానిక్రింద గట్టి సుద్దరాయి. రెండువేల యేండ్లకు ముందు ఒక గృహస్థుడు తన యింటిచుట్టును ఆ సుద్దలోనికి లోతుగా కందకము త్రవ్వించెననుకొనుడు. కాలక్రమమున ఇల్లు కూలెను, వంశము తరలిపోయెను, కందకము పూడిపోయెను. దేనితో పూడెను? గట్టునుండి జారిన మెత్తని మట్టితో, చెత్తతో, ఆకులతో. తరువాత వందల యేండ్లు నాగళ్ళు నడచి మిగిలిన మెరకను చదును చేసెను. ఇక కంటికి కనబడునది లేదు. కాని సుద్దలో నొకసారి త్రవ్విన గోయి మరల సుద్ద కాజాలదు గదా. అందులోని మన్ను చుట్టుప్రక్కల నేలకంటె మెత్తగను, లోతుగను, తేమగను ఉండును.

ఆ పొలమున గోధుమయో, బార్లీయో చల్లిరి. వానలు సమృద్ధిగా కురిసిన యేట పైరంతయు ఒకే తీరున పెరుగును. అనావృష్టి కలిగినయేట అట్లు కాదు. పైమట్టి యెండిపోగా, గట్టిసుద్దపై నున్న మొక్కలు దాహమునకు తాళలేక త్వరగా పసుపెక్కును. పూడినకందకముపై మొలచిన మొక్కలు వేళ్ళు లోతుగా దింపి అచ్చటి తేమను పీల్చుకొని, పొడవుగా, ముదురుపచ్చగా నిలిచి, కొన్నిదినము లాలస్యముగా పండును. పసుపురంగు చేనిలో పచ్చనిగీత కనబడును. ఆ గీతయే కందకము. గోయియైనచో గీతకు బదులు పచ్చనిచుక్క. నేలక్రింద రాతిగోడ యున్నచో దీనికి వ్యతిరేకము. గోడపై మట్టి పలుచన గనుక అచ్చటి మొక్కలు గిడసబారి, పచ్చనిచేనిలో పసుపుగీతగా నేర్పడును.

ఇట్టి గుర్తులు అన్ని నేలలలోను, అన్ని పైరులలోను కనబడవు. సుద్దనేలలు, గులకనేలలు ఇందుకు మిక్కిలి తగినవి. నీటిని పట్టియుంచు జిగటనేలలలో ఇవి అరుదు. మన నల్లరేగడి యట్టిదే. వరిమడిలో వెదకుట వ్యర్థము. నీరు నిలిచియున్న మడిలో ఏ మొక్కకును దాహము లేదు గదా! తగిన నేలయందును అదృష్టము కలిసిరావలెను. ఒక పొలము పదియేండ్లు నోరు మెదపక, పదునొకండవయేట వాన లేనప్పుడు గుట్టంతయు ఒక్కవారములో బయటపెట్టి, కోతతో మరల మౌనము వహించును. కాపు తలపై చేతులుంచుకొని కూర్చుండు సంవత్సరమే యీ పండితులకు పండుగ సంవత్సరమగుట విచిత్రము.

నేలపై నిలిచినవానికి ఈ గీతలేల కనబడవని మీరడుగవచ్చును. సంక్రాంతినాడు మన వాకిట మీయప్ప వేసిన పెద్దముగ్గుపై ప్రాకెడు చీమను తలచుకొనుడు. చీమకు పిండి కనబడును. ఒక పిండిగీత దాటగనే నేల, మరల పిండి. ముగ్గు మాత్రము దానికెన్నడును కనబడదు. పైనుండి చూచు మీకో, ఒక్క చూపులో పద్మమని తెలియును. చేనిగట్టుపై నిలిచిన మనుష్యునికి అక్కడక్కడ మొక్కలు పచ్చగా నున్నవని మాత్రమే తెలియును. అవి కలిసి వృత్తమగునో, చతురస్రమగునో తెలియవలెనన్న ఆకాశమునకు పోవలెను.

ఆకాశమునకు పోకమునుపే కొందఱు దీనిలో కొంత చూచిరి. 16వ శతాబ్దపు తుదిభాగమున ఇంగ్లండునందలి పూర్వస్థలముల చరిత్రను వ్రాసిన విలియం కామ్డెను, కెంటు సీమలోని రిచ్చుబరోయందు రోమనులనాటి పట్టణవీధుల జాడలు చేనిలో పలుచని వరుసలుగా కనబడుననియు, ఆ వరుసలొకదానినొకటి ఖండించుకొను చోటులను అచ్చటి జనులు సెయింటు అగస్టీను సిలువ యందురనియు తెలిపియున్నాడు. జనులకది పుణ్యచిహ్నము, ఆయనకది వీధి. ఆయన తరువాత వంద సంవత్సరములకు పైబడి, 1719లో విలియం స్టూక్లీ యనునాతడు ఎసెక్సు సీమలో నొకచోట ఇట్లే చేనిలో రోమనుపట్టణపు ఆకారమును చూచెను. 1906లో షార్పు అను సైనికోద్యోగి సైన్యపు బెలూనునుండి స్టోన్‌హెంజు రాతివలయమునకు ఛాయాపటము తీసెను. అయినను వీరిలో నెవ్వరును దీనిని ఒక శాస్త్రముగా చేయలేదు.

శాస్త్రముగా చేసినవాడు ఓ. జి. ఎస్. క్రాఫర్డుగారు. ఆయన మొదటి ప్రపంచయుద్ధమున విమానములలో పరిశీలకుడుగా పనిచేసి, 1918లో శత్రువులచే పట్టుబడి, జర్మనీలో ఖైదీగా నుండెను. యుద్ధము ముగిసినపిమ్మట 1920లో ఇంగ్లండు ప్రభుత్వపు సర్వేశాఖలో ప్రాచీనస్థలముల పనికి నియమితుడయ్యెను. వైమానికదళమువారు తమ యభ్యాసముకొఱకు తీసిన ఛాయాపటములు 1922లో ఆయన చేతికి వచ్చెను. వానిలో నేటిపొలములక్రింద రోమనులకు పూర్వపు కాపులు దున్నిన చిన్నచిన్న మళ్ళ గట్లు జాలివలె నల్లుకొనియుండుట ఆయన చూచెను. ఊరూర కాలినడకను తిరిగి యెన్నేండ్లకో తెలిసికొనవలసిన సంగతి ఒక బల్లపై పరచిన పటములలో దొరకెను. స్టోన్‌హెంజునుండి ఏవను నదివఱకు పోయిన పూర్వపుబాట యెట్లు పోయినదో ఇట్టి ఛాయాపటములవలననే తెలియగా, 1923లో ఆయన స్వయముగా త్రవ్వించి కందకములున్నవని నిర్ధారణ చేసెను. 1924లో అలెగ్జాండరు కైలరుగారితో కలిసి విమానమెక్కి దక్షిణపుసీమలపై తిరిగి తీసిన పటములను వారిద్దఱు 1928లో గ్రంథముగా ప్రకటించిరి.

ఈ కాలముననే జరిగిన మఱియొక సంగతి చెప్పక విడువలేను. 1925లో ఇన్సాలు అను వైమానికదళాధికారి స్టోన్‌హెంజు సమీపమున విమానములో పోవుచు, దున్నినపొలములో నొక వలయమును, దాని నడుమ మచ్చలను చూచెను. మరుసటి వేసవిలో చేను ఎదిగినపుడు మరల చూడగా, ఆ మచ్చలు వరుసలు వరుసలుగా, ఒకదానిలోపల నొకటిగా నమరియుండెను. కన్నింగ్టను దంపతులు త్రవ్విచూడగా అవి పెద్ద పెద్ద మ్రాకులు పాతిన గోతులని తేలెను. మొత్తము ఆరు వరుసలు. మ్రాకులు పుచ్చిపోయి నాలుగువేల యేండ్లు దాటినను, వానిని పాతిన గోతులను గోధుమపైరు మఱచిపోలేదు. ఆ స్థలమునకు ఉడ్‌హెంజు అని పేరు పెట్టిరి.

ఇక మన లిటిల్ వుడ్బరీకి వత్తము. ఆకాశమునుండి తీసిన పటములో అక్కడ పచ్చనివలయ మొకటి కనబడెను. వలయము పూర్తిగా గుండ్రన కాదు; చేతితో గీసిన సున్నవలె కొంచెము వంకర. దానిలోపలి నేల సుమారు 4 ఎకరములు. తూర్పుదిక్కున ద్వారము. ద్వారమునకు ఇరుప్రక్కలనుండి రెండుకందకములు గేదెకొమ్ములవలె వెలుపలికి విచ్చుకొని పోయెను. మేతకు పోయివచ్చు పశువులమంద చెదరిపోకుండ ద్వారములోనికి తోలుటకు అట్టి యేర్పాటు మిక్కిలి అనుకూలము. వలయములోపల, వడగండ్లు రాలినట్లు, లెక్కకు మిక్కిలిగా నల్లనిచుక్కలు. ఒక్కొక్క చుక్క ఒక్కొక్క గోయి.

ఈ గోతులే గొప్పచిక్కు తెచ్చిపెట్టెను. దక్షిణ ఇంగ్లండులో ఇనుపయుగపు నివాసములను, అనగా రోమనులు ఆ దేశమును జయించుటకు పూర్వము కొన్నివందల యేండ్లవి, ఎక్కడ త్రవ్వినను ఇట్టి గోతులు వచ్చుచుండెను. కొన్ని మనిషి నిలువులోతు. లోపల బూడిద, పగిలిన కుండపెంకులు, పశువుల యెముకలు. ఇండ్లజాడలు మాత్రము కానరాలేదు. కావున పండితులలో పలువురు, ఆ జనులు ఈ గోతులలోనే, పైన ఏదో కప్పు వేసికొని, నక్కలవలె నివసించిరని నిశ్చయించిరి. గ్రంథములలో నట్లే వ్రాసిరి. బడిపిల్లలకు నేర్పిన పాఠములలోనికిని ఆ మాట ప్రాకెను. తడిసుద్దలో, తాము తిన్న యెముకలపైనే పరుండు జనులు! ఒకజాతి జనులను గూర్చి యింత హీనమైన మాట చెప్పుటకు ముందు, ఈ గోతులకు వేరు ప్రయోజన ముండవచ్చునా యని యొకసారి యడుగుకొనవలసియుండెను. అడిగినవారు కొందఱున్నను వారిమాట నెగ్గలేదు.

1938లో క్రాఫర్డుగారు చరిత్రపూర్వపరిశోధకసంఘమునకు అధ్యక్షుడుగా నుండి, లిటిల్ వుడ్బరీని త్రవ్వుటకు గెర్హార్డు బెర్సూ అను జర్మను పండితుని పిలిపించెను. బెర్సూగారు ఫ్రాంకుఫర్టులోని పురాతత్త్వసంస్థకు అధిపతిగా నుండి, యూదుల సంతతివాడను కారణముచేత నాజీప్రభుత్వముచే 1935లో ఆ పదవినుండి తొలగింపబడినవాడు. స్వదేశమున పని లేకపోయెను. పరదేశమున పని దొరకెను. అయితే ఆయన తనతో నొక నేర్పును తెచ్చెను. రాతికట్టడములు లేని కఱ్ఱయిండ్ల జాడలను మట్టిరంగునుబట్టి గుర్తించు విద్య జర్మనీలో అప్పటికే బాగుగ వృద్ధియైయుండెను.

ఆ విద్య యేమన, స్తంభము పుచ్చిపోవును గాని స్తంభపుగోయి పోదు. తెల్లనిసుద్దను శుభ్రముగా గీకి చూచిన, పూర్వము స్తంభము నిలిచినచోట నల్లని గుండ్రనిమచ్చ కనబడును. ఒక్క మచ్చవలన ఏమియు తెలియదు. ఇరుగుపొరుగు మచ్చలన్నియు ఒక్కసారి కనబడినగాని ఇంటి ఆకారము తేలదు. అంతకుముందటి త్రవ్వకము లెక్కువగా సన్ననికాలువలవలె నుండెడివి. కాలువలో రెండు మచ్చలు దొరకిన అదృష్టము. బెర్సూగారు అట్లు చేయక, పొలమును వెడల్పైన పట్టీలుగా విభజించి, ఒకపట్టీని సుద్దవఱకు గీకి, ప్రతిమచ్చను కొలిచి పటమున కెక్కించి, తరువాతిపట్టీ మట్టితో దానిని పూడ్చుచు ముందుకు సాగెను. పొలములో రంధ్రములు పూడిపోవుచుండెను. కాగితముపై ఇల్లు పెరుగుచుండెను. ఎంత యోర్పు కావలెనో మీరే యాలోచింపుడు. 1938, 1939 సంవత్సరముల వేసవులలో ఆవరణములో సుమారు మూడవవంతు ఇట్లు పరీక్షింపబడెను.

మచ్చలన్నియు కలుపగా కాగితముపై వచ్చినది గోతిలోని గుడిసె కాదు. గుండ్రని గొప్పయిల్లు! అడ్డుకొలత సుమారు 50 అడుగులు. ఒకదానిలోపల నొకటిగా స్తంభముల వలయములు, నట్టనడుమ నాలుగు పెద్దస్తంభములు, ముందుకు పొడుచుకొనివచ్చిన ద్వారమంటపము. మన పాఠశాలలోని మూడు తరగతిగదులను కలిపినను అంత చోటుండదు. అంత వెడల్పునకు కప్పు నిలుపవలెనన్న, వాసముల బరువెంతో, వాన యెటు జారునో, గాలి యెటు కొట్టునో తెలిసిన వడ్రంగులుండవలెను. కొన్ని స్తంభములను కాలక్రమమున మార్చి క్రొత్తవి పాతినట్లును జాడలున్నవి. అనగా ఆ యింటిని బాగుచేసికొనుచు జనులు చాలకాలము కాపురముండిరి. వీరిని నక్కలతో పోల్చినవారు ఈ పటమును చూచి యేమనుకొనిరో!

మఱి గోతులో? బెర్సూగారు వానినిగూర్చి చెప్పినది నాకు మిక్కిలి ముచ్చటగా తోచును. సుద్ద చలికాలపు మంచునకు పొడిపొడిగా రాలును. గోతులు తెరచియుండి జనులు వానిలో నివసించియున్నయెడల, ప్రక్కలు రాలి, అంచులు అరిగి యుండవలెను. చాల గోతుల ప్రక్కలు త్రవ్వినదినమున నున్నట్లే నిటారుగా నుండెను. కావున అవి వాడుకలోనున్నంతకాలము మూయబడి యుండెను. పాడైన పిదప తక్కువకాలములోనే పూడ్చబడెను. వానిలోని బూడిదయు ఎముకలును కాపురపు గుర్తులు కావు. పనికిరాని గోతిలో పారబోసిన చెత్త. ఆ గోతులు ధాన్యము దాచుకొను గోతులు.

ఈ మాట వినగనే మీలో పల్లెనుండి వచ్చినవారు చిఱునవ్వు నవ్వుదురని యెరుగుదును. అది పాతర! రాయలసీమయందును తెలంగాణమునందును జొన్నలను, కొఱ్ఱలను పాతరలలో పోసి దాచుట మన పూర్వుల కెల్లర కెరుకయైన పని. గట్టినేల చూచి, మూతి యిరుకుగ, లోపల వెడల్పుగ గోయి త్రవ్వి, అడుగునను ప్రక్కలను గడ్డి పరచి, గింజలు నింపి, మూతిని గడ్డితోను మట్టితోను బిగియ మూసి, పైన నేల చదును చేసెడివారు. కరవు వచ్చినపుడు పాతర తీసెడివారు. లండనునగరమున గొప్పగొప్ప గ్రంథాలయములలో కూర్చుండినవారికి చిక్కుపడిన ప్రశ్నను, అనంతపురపు ముసలికాపు నొకని పిలిచి చూపియున్నచో, ఆతడు గోతిలోనికి తొంగిచూచి యొక్కమాటలో తేల్చియుండును. ఆ పండితులు తెలివితక్కువవారని నా తాత్పర్యము కాదు. వారి యిండ్లలో గింజలు దాచు పని లేకుండెను; తెలియని పని కంటి కానదు.

పాతర తీయునపుడు మనవారు పాటించు జాగ్రత్త యొకటి కలదు. మూత తీసిన వెంటనే లోపలికి దిగరు. లోపలి గాలి విషమని, దిగినవాడు ప్రాణముతో పైకి రాడని యెరిగి, చాలసేపు తెరచియుంచి, కొందఱు దీపము దింపి అది ఆరకుండుట చూచి, అప్పుడు దిగెడివారు. ఈ విషపుగాలి కారణమును ఇంగ్లండులో పీటరు రెనాల్డ్సు అను పరిశోధకుడు 1972లో స్థాపితమైన బట్సరు ప్రాచీనవ్యవసాయక్షేత్రమున ప్రయోగములు చేసి చక్కగా చూపెను. ఆయన ఇనుపయుగపు గోతులవంటి గోతులను సుద్దలో త్రవ్వి, ధాన్యము నింపి, మూతిని బిగించి, చలికాలము గడచినపిమ్మట తెరచి చూచెను. గోడలకు తగిలియున్న గింజలు తేమకు మొలకెత్తును. మొలకెత్తు గింజ ఊపిరి పీల్చునట్లు ప్రాణవాయువును వాడుకొని బొగ్గుపులుసుగాలిని విడుచును. మూత బిగువుగా నున్నందున కొలదికాలములో ప్రాణవాయువు తఱిగిపోయి, లోపలంతయు ఆ గాలియే నిండును. అప్పుడు మొలకయు ఆగును, పురుగును చచ్చును, మిగిలిన గింజ నిద్రపోయినట్లు చెడక నిలుచును. వెలుపలి పొర నష్టము, లోపలిదంతయు క్షేమము. అట్లు దాచిన గింజలు విత్తనముగా చల్లుటకు కూడ పనికివచ్చెను. మనుష్యుని చంపు గాలియే గింజను కాపాడుచున్నది.

చుక్కల అర్థము మారుటచే ఊరి యర్థమే మారెను. గోతు లిండ్లయినచో అక్కడ వందలమంది క్రిక్కిరిసిన దరిద్రగ్రామము. గోతులు పాతరలైనచో, ఏటేట కొన్ని చొప్పున త్రవ్వుకొని, పాడైనవానిని పూడ్చి, తరతరములుగా సేద్యము చేసిన కలిమిగల కాపువారి లోగిలి. ఛాయాపటము మారలేదు, చుక్క యొక్కటియు తగ్గలేదు, హెచ్చలేదు. ఆకాశమునుండి చూచిన కన్ను ఎక్కడ త్రవ్వవలెనో చెప్పెను గాని అది యేమో చెప్పలేకపోయెను. దానికి మోకాళ్ళపై కూర్చుండి సుద్ద గీకువాడొకడు కావలసివచ్చెను. బెర్సూగారు చెప్పినదంతయు తరువాతివారు యథాతథముగా అంగీకరింపలేదు. ఆయన చూచినది మూడవవంతు గనుక, అది ఒక్క కుటుంబపు లోగిలియేనా, కొన్ని కుటుంబములదా యని తర్కించినవారున్నారు. అది న్యాయమైన ప్రశ్నయే. ఇల్లు ఇల్లేనని, పాతర పాతరేనని మాత్రము మరల నెవ్వరును కాదనలేదు.

1939 సెప్టెంబరులో యుద్ధము వచ్చెను. పని ఆగెను. బెర్సూగారి నివేదిక 1940లో వెలువడెను. ఆ సంవత్సరముననే ఆయనను, ఆయన భార్య మారియాగారిని, జర్మనులు గనుక శత్రుదేశస్థులని బ్రిటిషుప్రభుత్వము పట్టి మాన్ దీవికి పంపి నిర్బంధించెను. యూదుడని జర్మనీ త్రోసివేసెను. జర్మనుడని ఇంగ్లండు బంధించెను. క్రాఫర్డుగారు జర్మనీలో ఖైదీగా నుండిన సంగతి యిదివఱకు చెప్పితిని. ఆయన పిలిపించిన పండితునికి ఇప్పుడు ఆయన దేశముననే ఆ గతి పట్టెను. అయినను ఆ దీవిలో బెర్సూగారు ఊరకుండలేదు. అధికారుల యనుమతి పొంది, తనతో నిర్బంధింపబడినవారినే కూలీలుగా కూర్చుకొని, కావలివారి తుపాకుల నీడలో అచ్చటి ప్రాచీనస్థలములను త్రవ్వనారంభించెను. అక్కడను గుండ్రనియిండ్లు బయల్పడెను. వాని విస్తీర్ణము లిటిల్ వుడ్బరీ యింటికంటెను పెద్దది. వైకింగు నాయకుని ఓడతో సహా పాతిపెట్టిన సమాధి యొకటియు ఆయన చేతనే వెలికివచ్చెను. యుద్ధము ముగిసినపిమ్మట 1947లో డబ్లినులో ఆచార్యపదవి దొరకెను. 1950లో, తనను వెడలగొట్టిన ఫ్రాంకుఫర్టు సంస్థకే మరల అధిపతిగా ఆహ్వానింపబడి వెళ్ళెను. 1964లో మరణించెను.

ఆకాశమునుండి చూచు పని యిప్పుడు మఱింత సులభమైనది. 2018 వేసవిలో ఐరోపాఖండపు పశ్చిమభాగమున గొప్ప అనావృష్టి కలిగి, పైరులును గడ్డియు ఎండగా, ఏండ్లతరబడి కనబడని గుర్తులు వేలకొలది బయటపడెను. ఐర్లండులో న్యూగ్రేంజి సమాధికి దగ్గఱ, ఆ యేటి జూలై 10వ తేదీన, ఇద్దఱు మిత్రులు చిన్న డ్రోనుయంత్రములను ఎగురవేసి చూచుచుండగా, పొలములో అద్భుతమైన పెద్దవలయము కనబడెను. పూర్వమచ్చట వందలసారులు జనులు నడచిరి, ఎవ్వరికిని తెలియలేదు. వానలు పడగానే అది మాయమాయెను. కాని యిందులో విచారపడవలసిన సంగతి కూడ నున్నది. పైరులో గుర్తు కనబడుచున్నదనిన, పైనున్న గట్లు నాగటికి అప్పటికే బలియైపోయినవని యర్థము. పూర్వపు నాగలి జానెడు దున్నెడిది. ట్రాక్టరు నాగలి అంతకంటె లోతు దిగి ఏటేట కొంత సుద్దను కోసికొని పోవును. కందకము లోతైనది గనుక కొంతకాలము నిలుచును. స్తంభపుగోతులు లోతు తక్కువ. అవి ముందు పోవును. అవి పోయినపిమ్మట అక్కడ పాతరలు మాత్రమే మిగులును, ఇల్లు కనబడదు. అప్పుడు మరల నెవరైన వచ్చి, ఈ జనులు గోతులలో నివసించిరని వ్రాసినను ఆశ్చర్యపడనక్కఱలేదు.

మనదేశమునను ఇట్టి ఓర్పుగల పని జరిగినది. పూర్వపు మహబూబునగరము జిల్లాలో, కృష్ణానదికి సమీపమున, ఉట్నూరనుచోట నొక బూడిదదిబ్బ కలదు. బళ్ళారి, రాయచూరు ప్రాంతములయందును ఇట్టి దిబ్బలు పెక్కులున్నవి. అవి భీముడు చంపిన రాక్షసుని దహనము చేసిన బూడిదయని బళ్ళారిసీమలో కథ చెప్పుకొనిరి. కొందఱు ఇనుము కరగించిన కొలుములనిరి. 1957లో ఆల్చినుగారు ఉట్నూరు దిబ్బను త్రవ్వి, పొరపొరను గీకి పరిశీలించెను. అది పశువులపేడ కాలిన బూడిద. చుట్టును మ్రాకులు పాతి కట్టిన దడి యుండెను. ఆ మ్రాకులు నిలిచిన గోతులు వరుసగా బయటపడెను. ఇది క్రొత్తరాతియుగమునాటి పశువులదొడ్డి. నాలుగువేల యేండ్లకు పైబడినది. లిటిల్ వుడ్బరీవలెనే చుట్టును కట్టుకొన్న ఆవరణమే గాని, దానికంటె చాల ప్రాచీనము. ఇక్కడ దారి చూపుటకు పైరు లేదు, విమానము లేదు. స్తంభపుగోతులను చదువు విద్య మాత్రము అదియే. దడిలోపల నొకపొరలో, మెత్తనిబూడిదపై నడచిన పశువుల గిట్టలజాడలు, నిన్న సాయంకాలము మంద తోలుకొనివచ్చినట్లు, చెక్కుచెదరక నిలిచియుండెను.